ఓణీల ఫంక్షన్‌లో సోడా బల్ల: 180 మంది, 340 గ్లాసులు, ఒక జగ్గు మామిడి రసం

విజయవాడ పటమటలో ఒక ఇంటి డాబా మీద, మే రెండో వారంలో ఓణీల ఫంక్షన్. సాయంత్రం ఆరున్నర నుంచి పది దాకా. పిలిచింది 220 మందిని, వస్తారనుకున్నది 180 మంది. భోజనాలు వేరేవాళ్లవి. నాకు అప్పజెప్పింది తాగేవాటి బల్ల ఒక్కటే.

అమ్మాయి మేనత్త డల్లాస్‌లో ఉంటారు. అక్కడి పార్టీలో తీసిన ఫోటో ఒకటి ఫోన్‌లో చూపించారు. పొడవాటి బల్ల, రంగురంగుల సీసాలు, పళ్ల ముక్కలు, ఎవరి గ్లాసు వాళ్లే కలుపుకుంటున్నారు. "ట్రేలు పట్టుకుని ఎవరూ తిరగకూడదండీ, ఎవరికి కావలసింది వాళ్లే చేసుకోవాలి" అన్నారు. అమ్మాయి నాన్నగారిది ఇంకో షరతు: "కూల్‌డ్రింక్ బాటిల్ ఒక్కటి కూడా కనపడకూడదమ్మా." ఇవన్నీ విని చివర్లో నాయనమ్మగారు అడిగింది ఒకటే మాట: "సుగంధి ఉంటుందా?"

ఉంటుందన్నాను.

పదకొండేళ్లు జ్యూస్ షాపు నడిపి, నాలుగేళ్ల నుంచి ఫంక్షన్లకి కౌంటర్లు పెడుతున్నాను. కౌంటర్ వెనక నేను నిలబడితే ఏ సిరప్ ఎంత, ఐస్ ఎప్పుడు, సోడా ఎప్పుడు అన్నది నా చెయ్యి చూసుకుంటుంది. ఈసారి ఆ పని చేసేది ఎనిమిదేళ్ల పిల్లాడు, పట్టుచీర కట్టుకున్న పెద్దావిడ, ఒక చేత్తో ఫోన్ మాట్లాడుతున్న బావగారు. వాళ్ల చెయ్యి మొదట దేని మీద పడుతుంది, తర్వాత దేని మీద పడుతుంది అన్నదే నాకు అసలు పని అయింది. ఇది నాకు ముందు తెలియలేదు. ఆ రోజు ఏడుంపావు దాటాక తెలిసింది.

మూడు రోజుల ముందు, షాపులో

మే నెలలో విజయవాడలో పళ్ల బల్ల అంటే ఎవరి మనసైనా మామిడి మీదికే పోతుంది. అటు బంగినపల్లి, ఇటు నూజివీడు రసాలు, మార్కెట్ అంతా అదే వాసన. నేనూ మొదట జాబితాలో మామిడి రాసుకున్నాను. గుజ్జు తీసి, 30 మి.లీ. గ్లాసులో వేసి, మీద సోడా పోశాను. నురగ గ్లాసు అంచు దాటి చెయ్యంతా కారింది. నెమ్మదిగా పోసినా అంతే. తేరుకున్నాక చూస్తే పీచంతా పైన తెట్టులా తేలింది, కింద చప్పటి నీళ్లు.

కారణం పీచే. సోడాలో ఒత్తిడితో ఇరికించిన గ్యాస్ ఉంటుంది. బుడగ కట్టడానికి దానికి ఏదో ఒక గరుకు చోటు కావాలి. గుజ్జులో పీచు నిండా అలాంటి చోట్లే. ఉప్పు రాయి వేసినా అదే జరుగుతుంది. మసాలా సోడా బండి దగ్గర చెంచాడు ఉప్పు పడగానే గ్లాసు బుస్సుమనడం అందరం చూసిందే. బండి అతను దాన్ని లాఘవంగా నోటికందిస్తాడు. ఫంక్షన్‌కి వచ్చినవాళ్లు మాత్రం ఒంటి మీద పోసుకుంటారు.

అందుకని సోడాలో కలిసేది ఏదైనా పల్చటి గుడ్డలో వడకట్టి, చుక్క పీచు లేకుండా సిరప్‌గా రావాలని నిర్ణయించుకున్నాను. మామిడి పండు ముక్కలుగా మాత్రమే ఉంటుంది, పుల్లకి గుచ్చి. గ్లాసు అంచున పెట్టుకోవచ్చు, తినేయొచ్చు. ఉప్పు, జీలకర్ర, మిరియాలు కూడా పొడిగా పెట్టలేదు. నీళ్లలో మరిగించి వడకట్టి సీసాలో పోశాను. ఉప్పు కరిగిపోయి ఉంటే సోడా అంతగా పొంగదు.

చివరికి మిగిలినవి ఆరు. సుగంధి, నిమ్మ-అల్లం, నల్లద్రాక్ష, దానిమ్మ, పచ్చిమామిడి, శంఖపుష్పం.

సుగంధి గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే పాడు చేసుకుంటారు. సుగంధిపాల వేళ్లు తెచ్చి, మట్టి పోయేదాకా మూడు నాలుగు నీళ్లు మార్చి కడిగి, రోట్లో దంచితే పై బెరడు విడిపోయి లోపలి పుల్ల బయటపడుతుంది. వాసనంతా బెరడులోనే ఉంటుంది, పుల్ల పారేయొచ్చు. బెరడుని రాత్రంతా వేడినీళ్లలో నానబెట్టి, పొద్దున్నే సన్న సెగ మీద వేడి చేసి దించేయాలి. పొంగలికి మరిగించినట్టు మరిగిస్తే వాసన ఆవిరైపోయి వంటిల్లంతా ఘుమఘుమలాడుతుంది, గ్లాసులో మాత్రం ఏమీ మిగలదు. ఆ నీళ్లు వడకట్టి పంచదార పాకం పట్టి, చల్లారాక నిమ్మరసం కలపాలి. బజార్లో దొరికే రెడీమేడ్ సీసాలతో పని నడుస్తుంది కానీ, అడిగింది నాయనమ్మగారు. ఆవిడ నాలికని మోసం చేయలేం.

నిమ్మకి ఒకటే జాగ్రత్త. పాకం పూర్తిగా చల్లారాకే రసం పడాలి, గింజ నలగకూడదు. గింజ నలిగితే సాయంత్రానికి చేదెక్కుతుంది. దానిమ్మ గింజల్ని మిక్సీలో తిప్పితే వగరు వస్తుంది కాబట్టి గుడ్డలో కట్టి చేత్తో పిండాను. ద్రాక్ష ఉడికించి వడకట్టడమే. పచ్చిమామిడి ఉడికించి, బెల్లం వేసి, రెండుసార్లు వడకట్టాను.

శంఖపుష్పం పిల్లల కోసం. ఎండిన పూలు వేడినీళ్లలో వేస్తే ముదురు నీలం దిగుతుంది. రుచి పెద్దగా ఉండదు. కానీ అందులో నిమ్మరసం పడగానే నీలం కాస్తా ఊదాకి తిరుగుతుంది. పులుపు తగిలితే ఆ రంగు మారిపోతుంది, అంతే సంగతి. పిల్లలకి మాత్రం అది గారడీ.

పుచ్చకాయని సిరప్ చేయలేం, అంతా నీరే. రసం తీసి ఐస్ ట్రేలలో గడ్డకట్టించాను. మామూలు ఐస్ కరిగితే గ్లాసు పల్చబడుతుంది, ఇది కరిగితే ఇంకాస్త రుచి వస్తుంది. ఈ ఆలోచన నాది కాదు, మా షాపులో ఆరేళ్లు పనిచేసిన కుర్రాడిది.

చల్లదనం లెక్క

అదే రోజు ఇంకో పరీక్ష కూడా చేశాను. షాపులో నీడన ఉన్న సోడా 36 డిగ్రీలుంది. ఐస్ నీళ్ల టబ్బులో గంట ఉంచింది 4 డిగ్రీలు. రెండూ ఒకేలాంటి గ్లాసుల్లో, ఒకే ఎత్తు నుంచి పోశాను. చల్లటిదాని మీద నురగ ఒక వేలు మందం కూడా రాలేదు. వేడిదాని మీద నాలుగు వేళ్లు. నురగ దిగాక తాగి చూస్తే ఆ వేడి సోడాలో గ్యాస్ సగం కూడా లేదనిపించింది.

నీళ్లు ఎంత చల్లగా ఉంటే అంత గ్యాస్ పట్టి ఉంచుతాయి. అదే ఒత్తిడిలో, గడ్డకట్టే దగ్గరున్న నీళ్లలో ఇమిడే గ్యాస్ 25 డిగ్రీల నీళ్లలో ఇమిడేదానికి రెట్టింపు పైనే. అందుకే "ఐస్ వేస్తాం కదా, సోడా ఎలా ఉంటే ఏం" అనేవాళ్ల మాట నేను వినను. వేడి సోడా ఐస్ మీద పడగానే ఉన్న గ్యాస్ కాస్తా పైకి తన్నుకొచ్చేస్తుంది. ఐస్ చల్లబరచాల్సింది సీసాని, గ్లాసుని కాదు.

లీటరు సోడాని 36 నుంచి 4 డిగ్రీలకి దించాలంటే దాదాపు 400 గ్రాముల ఐస్ కరగాలి. నా దగ్గర 300 మి.లీ. సీసాలు 200, అంటే 60 లీటర్లు. సోడాకే 24 కిలోలు, సీసాల గాజుకి ఇంకో ఐదారు కిలోలు. రోజంతా ఎండ తాగిన డాబా సాయంత్రం సెగలు కక్కుతుంది కాబట్టి ఆ లెక్కని రెండున్నర రెట్లకి పైనే చేసి 80 కిలోల దిమ్మల ఐస్ తెప్పించాను. టబ్బులో ఉత్త ఐస్ పోస్తే సీసాకి అక్కడక్కడే తగులుతుంది. ఐస్ సగం, నీళ్లు సగం, మీద రెండు గుప్పిళ్ల రాళ్ల ఉప్పు పడితే సీసా చుట్టూ చలి అంటుకుంటుంది.

గ్లాసుల్లోకి వేరే ఐస్. ప్యాకెట్లలో వచ్చే తాగేనీటి క్యూబ్స్, 60 కిలోలు. దిమ్మల ఐస్ చాలాచోట్ల చేపలకీ సరుకు నిల్వకీ తయారుచేసేది, అది గ్లాసులో పడకూడదు. టబ్బుల మీద గోనెపట్టాలు కప్పి, బల్ల వెనక నేల మీద పెట్టాను, ఎవరి చెయ్యీ అందకుండా.

డ్రై ఐస్ పెట్టి పొగలు రప్పించమని మేనత్తగారు అడిగారు. కుదరదని చెప్పాను. అది మైనస్ 78 డిగ్రీలుంటుంది. సెల్ఫ్ సర్వీస్ బల్ల మీద పెడితే ఏ పిల్లాడో ముక్క తీసి నోట్లో వేసుకోడని ఎవరు హామీ ఇస్తారు? ఆవిడ ఇంకోమాట అనలేదు.

సీసా ఎంతది ఉండాలి

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. రెండు లీటర్ల సోడా చవక. కానీ సెల్ఫ్ సర్వీస్‌లో ఒకరు మూత తీసి కాస్త పోసుకుని వదిలేస్తారు, తర్వాతివాళ్లు కొత్తది తీస్తారు. పావుగంటలో బల్ల మీద ఆరు సీసాలు సగం సగం, గ్యాస్ పోయి కూర్చుంటాయి. పైగా రెండు లీటర్లు చిన్నపిల్లల చేతికి బరువు. సిలిండర్ పెట్టి కుళాయి తిప్పే మిషన్ అద్దెకి దొరుకుతుంది గానీ, ఒక్క కుళాయి అంటే ఒక్క వరసే. 300 మి.లీ. సీసా అయితే రెండు గ్లాసులకి సరిపోతుంది. పక్కనున్నవాళ్లతో పంచుకుంటారు, లేదా మళ్లీ తామే పోసుకుంటారు. అక్కడికి అయిపోతుంది.

200లో 60 గోళీ సోడాలు తెచ్చాను. ఖరీదు ఎక్కువ, కానీ ఆ బల్లకి అందం అదే. 1872లో హైరమ్ కాడ్ అనే ఇంగ్లండ్ ఆయన పేటెంట్ తీసుకున్న సీసా ఇది. లోపలి గ్యాసే గోళీని పైకి తన్ని మూతలా బిగిస్తుంది. దీన్ని తాగడానికి ఒక కిటుకుంది, మా తరం వాళ్లకి తెలుసు, పిల్లలకి తెలియదు. మెడ దగ్గర ఒకవైపు రెండు నొక్కులుంటాయి. సీసా వంచేటప్పుడు ఆ నొక్కులున్న వైపు కిందికి పెడితే గోళీ వాటి మీద ఆగి కూర్చుంటుంది, సోడా ధారాళంగా వస్తుంది. తిరగేసి పట్టుకుంటే గోళీ దొర్లి వచ్చి దారి మూసేస్తుంది. ఆ సాయంత్రం ఈ ఒక్క ముక్క పాతిక సార్లు చెప్పి ఉంటాను. తర్వాత ఒక తాతగారు కుర్చీ వేసుకుని ఆ పక్కనే కూర్చుని, ఆ డ్యూటీ తనే తీసుకున్నారు.

గ్లాసుల దగ్గర ఆలోచించాల్సి వచ్చింది. పేపర్ కప్పులో రంగు కనపడదు, పారేసే ప్లాస్టిక్ గ్లాసులు 2022 జులై నుంచి నిషేధం. గాజు గ్లాసు పగిలి ఒక్క పెంకు ఐస్‌లో పడినా ఆ ఐస్ మొత్తం పారబోయాల్సిందే. అందుకని కడిగి మళ్లీ వాడే గట్టి ప్లాస్టిక్ గ్లాసులు తెచ్చాను. ప్రతి గ్లాసుకీ బయట రంగు టేపుతో రెండు గీతలు వేశాం. కింది గీత దాకా సిరప్, పై గీత దాకా ఐస్, మిగిలింది సోడా. ఆ రోజు చేసిన పనుల్లో నాకు బాగా నచ్చింది ఇదే. ఎవరూ బోర్డు చదవరు, చేతిలో ఉన్న గీత మాత్రం చూస్తారు.

కలుపుకోవడానికి చెరకు ముక్కలు సన్నగా పుల్లల్లా చీల్చి పెట్టాం. నల్లబడకుండా నిమ్మరసం చల్లిన నీళ్లలో నిలబెట్టాం.

ఏడు ఇరవై

నాలుగింటికి డాబా ఎక్కాం. నేను, మావారు, షాపు కుర్రాడు. బల్లని పిట్టగోడకి ఆనించి వేశాం, ఫోటోలో అలాగే ఉంది కాబట్టి. వరస ఇలా పెట్టాను: ముందు గోళీ సోడాలు, ఎందుకంటే అవే ఆకర్షణ. తర్వాత సిరప్‌లు, తర్వాత పళ్లు, పుదీనా, సబ్జా. చివర్లో ఐస్.

చూడముచ్చటగా ఉంది. ఫోటోగ్రాఫర్ పది ఫోటోలు తీశాడు. ఆ వరస శుద్ధ తప్పని నాకు అప్పటికి తట్టలేదు.

ఆరు నలభైఐదుకి మొదటివాళ్లు వచ్చారు. ఇద్దరూ ముగ్గురూ కాబట్టి బాగానే నడిచింది. ఏడింటికి అమ్మాయికి ఓణీ వేసే తంతు ముగిసి అక్షింతలు పడ్డాయి, జనం ఒక్కసారిగా మావైపు తిరిగారు.

మొదట కనపడింది సోడా, కాబట్టి మొదట సోడా పోసుకున్నారు. దాని మీద సిరప్ కొట్టారు, పొంగింది. అది దిగేదాకా అక్కడే నిలబడ్డారు. ఆ చివర ఐస్ దగ్గరికి చేరి నిండు గ్లాసులో ఐస్ వేశారు, మళ్లీ పొంగి చెయ్యి తడిసింది. గుడ్డ కోసం వెతుకుతూ వెనక్కి వచ్చారు. వెనక్కి వచ్చేవాళ్లు, ముందుకు వెళ్లేవాళ్లు, అటువైపు పిట్టగోడ. ఏడు ఇరవైకి వరస మెట్ల దాకా వెళ్లింది. నేల జిగురుజిగురుగా అయిపోయి చెప్పులు పటుక్కుమంటున్నాయి. మేనత్తగారు దూరం నుంచి నావైపు చూస్తున్నారు. నాకు ఒళ్లంతా చెమటలు.

అప్పుడు లెక్క తట్టింది. షాపులో గ్లాసు కలపడానికి నాకు పట్టింది 20 సెకన్లు, ఆ లెక్కన గంటకి 180 మంది. ఇక్కడ ఒక్కొక్కరికీ 50 సెకన్లకి తక్కువ పట్టడం లేదు. గంటకి 72 మంది. ఏడింటికీ ఎనిమిదింటికీ మధ్య వచ్చింది 120 మందికి పైనే. ఒక్క వరసతో ఎలా తెగుతుంది?

ఆపి మార్చక తప్పలేదు. "రెండు నిమిషాలండీ, ఒక్క రెండు నిమిషాలు" అని అరిచాను. మావారూ కుర్రాడూ బల్లని పిట్టగోడ నుంచి ఐదడుగులు ఇవతలికి లాగారు, రెండువైపులా మనుషులు నడిచేలా. నేను వరస తిరగేశాను. మొదట గ్లాసులు, తర్వాత సిరప్‌లు రెండువైపులకీ అందేలా మధ్యలో, తర్వాత సబ్జా, పుదీనా, తర్వాత ఐస్, అన్నిటికంటే చివర సోడా. పళ్ల పుల్లల పళ్లెం బల్ల మీంచి తీసి పక్కన స్టూలు మీద పెట్టాను. ముక్క ఎంచుకోవడానికి ఆగేవాళ్లే ఎక్కువ, వాళ్లు వరసలో ఆగకూడదు.

శంఖపుష్పానికి మాత్రం వేరే ఏర్పాటు చేయాల్సి వచ్చింది. దానికి నిమ్మరసం చివర్లో పడితేనే రంగు మారడం కనపడుతుంది. సన్నమూతి సీసాలో నిమ్మరసం పోసి సోడాల పక్కన పెట్టాను.

ఏడు ముప్పైఐదుకి మళ్లీ మొదలైంది. ఏడు యాభైకి మెట్ల మీద వరస లేదు. ఐస్ మీద చల్లటి సోడా గ్లాసు అంచు వెంట జారుతుంటే పొంగు దాదాపు పోయింది. మూత సీసాలు తీయడానికి ఓపెనర్లు నాలుగు, దారంతో బల్లకి కట్టాను. అవి ఎవరి జేబులోకి పోతాయో ఎవరూ చెప్పలేరు.

పంపు నొక్కులు

సిరప్ సీసాలకి పంపులు బిగించాం. నేను కొలిచిన పంపు ఒక నొక్కుకి సుమారు 10 మి.లీ. ఇస్తుంది. కింది గీతకి మూడు నొక్కులు చాలు. పిల్లలు నొక్కడం మొదలుపెడితే ఆపరు, గీత దాటిందా లేదా వాళ్లకి అనవసరం. దీనికి షాపు కుర్రాడు ముందే ఉపాయం చేశాడు. పంపు కాడకి అంగుళంలో సగం పొడవున ట్యూబు ముక్క తొడిగాడు, దాంతో నొక్కు సగమే దిగుతుంది. పిల్లలు ఆరు నొక్కినా మూడే పడుతుంది, వాళ్లకీ తృప్తి.

షుగరున్నవాళ్ల కోసం పంచదార లేని నిమ్మ-అల్లం ఒక సీసా, పక్కన ఉప్పు-జీలకర్ర నీళ్లు. సీసా మీద పెద్ద అక్షరాలతో "చక్కెర లేదు" అని రాశాను. ఇది అడిగి మరీ తాగినవాళ్లు చాలామందే ఉన్నారు. పది పన్నెండు గ్లాసులు పోతుందనుకున్నాను, దాదాపు నలభై పోయింది.

సబ్జా పెడితే సోడా పొంగుతుందేమోనని భయపడ్డాను. బాగా నానిన గింజలు అంత ఇబ్బంది పెట్టలేదు. బుడగలు అంటుకుని గింజలు పైకి లేస్తాయి, బుడగ పగలగానే కిందికి దిగుతాయి. ఒక చిన్నపాప గ్లాసు కళ్లకి ఆనించి పెట్టుకుని, తాగడం మర్చిపోయి చూస్తూ నిలబడింది.

ఎనిమిదింబావుకి సుగంధి అయిపోయింది. అన్నిట్లోకీ ముందు అదే అయిపోతుందని నేను అనుకోలేదు. మూడు లీటర్లు తెచ్చాను. దానిమ్మ, అందరూ అందంగా ఉందన్న దానిమ్మ, సగానికి సగం మిగిలింది. అదృష్టం కొద్దీ నాయనమ్మగారికి ముందే ఒక సీసా వేరుగా దాచాను.

జగ్గు

ఎనిమిదిన్నరకి నేను టబ్బు దగ్గర వంగి సీసాలు తీస్తున్నాను. అమ్మాయి పిన్నిగారు కిందనుంచి పెద్ద జగ్గు తెచ్చి బల్ల మీద పెట్టారు. చిన్న రసాల గుజ్జు, ఇంటి చెట్టువి. "మామిడికాయల సీజన్‌లో మామిడి లేకపోతే ఎలాగమ్మా, నేనే పిండాను" అన్నారు. అది నేను వినలేదు, కుర్రాడు విన్నాడు. పెద్దావిడని ఏమంటాం అని ఊరుకున్నాడు.

నేను లేచేటప్పటికి అమ్మాయి స్నేహితురాళ్లు నలుగురు గ్లాసు సగానికి గుజ్జు పోసుకుని, మీద గోళీ సోడా ఎత్తారు. నాలుగు గ్లాసులూ ఒక్కసారే పొంగాయి. ఒక లేత ఆకుపచ్చ ఓణీ మీద అరచేతి వెడల్పున పసుపుపచ్చ మరక. ఆ పిల్ల కళ్లలో నీళ్లు.

చల్లటి సోడా ఇంకోటి తీసి, మరక వెనకవైపు నుంచి పోస్తూ తెల్లగుడ్డతో అద్దాను. రుద్దలేదు, రుద్దితే పీచు దారంలోకి పోతుంది. రంగు చాలావరకు దిగింది, నీడ మిగిలింది. పిన్నిగారు ఆ పిల్ల కంటే ఎక్కువ బాధపడ్డారు. తప్పు ఆవిడది కాదు. మామిడి ఎందుకు లేదో ఇంట్లోవాళ్లకి నేను ముందే చెప్పి ఉండాల్సింది. వచ్చినవాళ్ల చేతులు ఎటు పోతాయని అంత ఆలోచించినదాన్ని, ఇంట్లోవాళ్ల చేతుల సంగతి మర్చిపోయాను. ఇప్పుడు ఏ ఫంక్షన్ ఒప్పుకున్నా ఒక్కమాట ముందే చెబుతున్నాను: బల్ల మీదికి వచ్చే వస్తువు ఏదైనా నా చేతి మీదుగా రావాలి. జగ్గు మాత్రం వృథా కాలేదు. దాన్ని చిన్న కప్పుల్లో పోసి, సోడా లేకుండా, పుచ్చకాయ ఐస్ ఒక్కోటి వేసి ఇచ్చాం. పది నిమిషాల్లో ఖాళీ.

లెక్కలు

ఎనిమిదింబావు, ఎనిమిదిన్నర దాకా రెండో గ్లాసుకి వచ్చేవాళ్లు బాగా ఉన్నారు. భోజనాలు మొదలయ్యాక పడిపోయింది. తొమ్మిది నలభైఐదుకి బల్ల సర్దేశాం. కడిగిన గ్లాసుల లెక్క ప్రకారం దాదాపు 340 పోయాయి. గ్లాసుకి 120 మి.లీ. చొప్పున 136 సీసాలు చాలాలి. ఖర్చయింది 158. ఆ తేడా మొదటి ముప్పావుగంటలో నేల మీద పొంగిందీ, మరకలకి వాడిందీ, సగం వదిలేసిందీ. సిరప్ పది లీటర్ల పైన పోయింది, తెచ్చింది పదహారు. క్యూబ్ ఐస్ నలభై కిలోల దాకా అయింది.

నాకు అయిన ఖర్చు: సోడాలు 3,180 రూపాయలు, ఐస్ రెండు రకాలూ కలిపి 1,200, పళ్లు, పంచదార, వేళ్లు, పూలు 4,200, ట్రాలీ ఆటో 1,500, కూలి 3,000. మొత్తం 13,080. తీసుకున్నది 20,000. మర్నాడు డాబా కడగడానికి మనిషిని పెట్టి 600 ఇచ్చాను, అది ఎవరూ అడగలేదు, నాకే బాగోలేదు. ఇప్పుడైతే బల్ల కింద పాత కార్పెట్ ఒకటి పరుస్తున్నాను. బల్ల కోళ్ల కింద నీళ్ల గిన్నెలు మాత్రం మొదటినుంచీ పెట్టాం, అందుకే అంత తీపి కారినా చీమ పైకి ఎక్కలేదు.

తాగి మిగిల్చింది పారబోయడానికి బకెట్ పెట్టలేదు. జనం సగం గ్లాసులు పిట్టగోడ మీద వరసగా పెట్టి పోయారు. ఇప్పుడు రెండు బకెట్లు, బల్ల నుంచి పది అడుగుల దూరంలో, చీకట్లో కనపడేలా తెల్లవి. వంద మంది దాటితే రెండువైపులా నడిచే బల్ల, రెండొందలు దాటితే రెండు బల్లలు. సుగంధి మూడు లీటర్లు కాదు, ఐదు. దానిమ్మ తగ్గించేశాను. ఒక మనిషి బల్ల పక్కన నిలబడి ఉండాలి, వడ్డించడానికి కాదు, ఐస్ నింపడానికీ, తుడవడానికీ, జగ్గులు పట్టుకొచ్చేవాళ్లని చిరునవ్వుతో ఆపడానికీ.

సీసాలు లెక్కపెట్టి పెట్టెల్లో సర్దుతుంటే గోళీ సోడాలు 57 తేలాయి. మూడు తక్కువ. సోడా కంపెనీ వాళ్లకి ఖాళీ సీసా తిరిగివ్వకపోతే డబ్బు పట్టుకుంటారు. మావారు టార్చ్ వేసుకుని డాబా అంతా వెతికారు. నీళ్ల ట్యాంకు వెనక దొరికాయి, మూడూ వరసగా. పక్కన ఇద్దరు పిల్లలు గొంతుక్కూర్చుని ఉన్నారు. ఒకడి చేతిలో జడపిన్ను, దాన్ని సీసా మెడలోకి దూర్చి గోళీ లాగాలని చూస్తున్నాడు.

"రావట్లేదాంటీ" అన్నాడు నన్ను చూసి.